టబ్బు కింద చిన్న కోడలు

అత్త టబ్బు మీద నుంచి లేవనంది.

"టీ ఇక్కడికే తెచ్చివ్వు. మధ్యాహ్నం అన్నం కూడా ఇక్కడే. నేను లేచి, గాలికి ఇది వెల్లకిలా పడిందంటే, ఊరందరినీ పిలిచి నా చిన్న కోడల్ని చూపించినట్టే."

"మెల్లగా, అత్తయ్యా. పక్క మేడ మీద మనుషులున్నారు."

"ఉండనీ. వాళ్ల మేడ మీదికి ఏదీ వచ్చి వాలలేదుగా."

కోడలు మెట్ల గది తలుపు పట్టుకుని నిలబడింది. దుప్పట్లు నానబెట్టే పెద్ద సత్తు టబ్బు అది. బోర్లా ఉంది. దాని మీద అత్త, అత్త ఒళ్లో గిన్నె, గిన్నెలో చిక్కుడుకాయలు. ఒక్కోటీ తీసి ఈనె లాగుతోంది.

టబ్బు కింద డ్రోను ఉంది. దాని నాలుగు చేతులకీ తడి దుప్పటి చుట్టుకుని ఉంది.

పొద్దున అత్త బట్టలు ఆరేస్తుంటే కరెంటు స్టేషను వైపు నుంచి వచ్చిందది. రొద చేసుకుంటూ తీగలు దాటి, గోడ దాటి, మేడ మీద తెల్ల సున్నంతో గీసిన గుండ్రంలోకి దిగబోయి, గాలికి లేచిన దుప్పటిలో చిక్కుకుంది. దుప్పటి చీలికలైంది. అత్త కేక వెయ్యలేదు. దగ్గర్లో ఉన్న టబ్బు దాని మీద బోర్లించి, పైన కూర్చుని, ఆ తర్వాతే కోడల్ని పిలిచింది.

"టబ్బులో నీళ్లుంటే పారబోసి మరీ బోర్లించాను. కరెంటు వస్తువు కదా. తడిస్తే వాడు ఏడుస్తాడు."

ఆ వాడు ఆవిడ కొడుకు. వీధిలో అందరూ పైలట్ అంటారు. విమానం ఎక్కిన మనిషి కాడు. తోటల మీద డ్రోను ఎగరేసి, ఏ చెట్టుకు తెగులు పట్టిందో పై నుంచి చూసి రైతులకు చెబుతాడు. అది కొన్న రోజే అత్త దానికి చిన్న కోడలని పేరు పెట్టింది. పెద్దదానికి చెప్పు తెగితే కుట్టిస్తాడు, చిన్నదానికి రెక్క గీసుకుంటే కొత్తది తెప్పిస్తాడు అని ఇరుగుపొరుగుతో అనేది. పెద్ద కోడలు నవ్వి ఊరుకునేది.

ఇవాళ నవ్వు రాలేదు.

స్టేషను చుట్టూ ప్రభుత్వం గీత గీసింది. పరాయి దేశంలో చేసిన డ్రోను ఆ గీత లోపల ఎగరకూడదు, ఇంట్లో దాచుకోనూకూడదు. దాని కన్ను ఇక్కడ చూసింది అక్కడెవరికి చేరుతుందో తెలియదని కారణం చెప్పారు. మన దేశపువైతే ఫర్వాలేదట. అవి ఇంకా బజారుకు రాలేదు. స్టేషను గోడను ఆనుకున్న ఈ వీధి మొత్తం గీత లోపలే పడింది. వీధికి దారి ఒకటే. ఆ దారికి స్టేషను గేటే అడ్డం.

పోయిన వారం పైలట్ డ్రోనును పెట్టెలో పెట్టి గేటు దాటించాడు. పెట్టెకు సీలు వేసి, బయటికి వెళ్లిందని సంతకం పెట్టింది కోడలి సొంత తమ్ముడే. వాడు ఆ గేటు దగ్గరే గార్డు. ఆ రోజు నుంచీ పైలట్ గీత అవతల ఒక రైతు తోటలో పాక వేసుకుని పని చేసుకుంటున్నాడు.

"పుట్టింటికి పంపేశామనుకున్నాం," అంది అత్త, ఈనె విసిరేస్తూ. "నెలైనా ఉండలేకపోయింది."

కింద వీధిలో జీపు మెల్లగా వెళ్లింది. మళ్లీ తిరిగి వచ్చింది.

*

తమ్ముడు వేళకే అన్నానికి వచ్చాడు. రోజూ వస్తూనే టోపీ తీసి కుట్టు మిషను మీద పడేసే మనిషి, ఇవాళ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆమె కంచం పెట్టింది. వాడి చొక్కా భుజం దగ్గర కుట్టు ఊడి ఉంది. గార్డుల బట్టలన్నీ కుట్టేది ఆమే. ఇంకో రోజైతే తినేలోగా చొక్కా విప్పించి కుట్టేసేది.

"పొద్దున సైరను విన్నావా, అక్కా?"

"విన్నాను. ఊరికే పరీక్షకి మోగించారనుకున్నాను."

"గోడ మీద కొత్తగా కొమ్ములు పెట్టారు చూశావుగా. అవి సిగ్నలు కోసేవి. డ్రోన్లు ఈ చుట్టుపక్కలకి రాకుండా. ఇవాళే మొదటిసారి వేశారు. వేసిన కాసేపటికే ఒకటి వచ్చింది."

"కొమ్ములుండగానా?"

"ఉండగానే. యార్డు మధ్యలోంచి, ట్రాన్స్‌ఫార్మర్ల నెత్తి మీదుగా. దర్జాగా, సొంత దారిలా. రావడం కెమెరాలో పడింది. దిగడం పడలేదు."

"ఎటు పోయిందిట?"

"ఇటే."

ఆమె కూర వడ్డించింది. కంచంలో సగం, కింద సగం పడింది. వాడు కింద పడ్డ కూర వంక చూశాడు.

"అక్కా. బావ మిషను ఎక్కడుంది?"

"నువ్వే కదరా సంతకం పెట్టి పంపించావు."

అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని ఆమె అనుకోలేదు. వాడు ముద్ద కలిపాడు. కలిపిన ముద్దనే మళ్లీ కలిపాడు.

"అవును. నేనే పెట్టాను."

గోడ అవతల నుంచి స్టేషను గుయ్‌మంటున్న మోత ఎప్పటిలాగే వస్తోంది. కాపురానికి వచ్చిన కొత్తలో అది ఆమెను నిద్రపోనిచ్చేది కాదు. తర్వాత చెవికి ఆనడమే మానేసింది. ఇప్పుడు మళ్లీ వినిపిస్తోంది.

"అత్తయ్య తినలేదా?"

"పైన ఉంది. చిక్కుడుకాయలు ఒలుస్తోంది."

"ఈ ఎండలో?"

"గాలి తగులుతుందిట."

వాడు పైకప్పు వంక చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కంచం పక్కకి జరిపి చెయ్యి కడుక్కున్నాడు.

"కూర బాగాలేదా?"

"బాగుంది," అన్నాడు నోట పెట్టని కూర గురించి.

గడప దాటబోతూ టోపీ పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక గొంతు మారింది.

"ఇంకాసేపట్లో ఇల్లిల్లూ చూస్తారు. వీధి నాకు తెలుసని నన్నే ముందు నడవమన్నారు. అక్కా, నేను నిన్నేమీ అడగలేదు. నువ్వు నాకేమీ చెప్పలేదు. నా చేత అబద్ధం ఆడించకు."

"ఆడించను."

"నిజం కూడా చెప్పించకు," అని వెళ్లిపోయాడు.

*

వాడు వీధి మలుపు తిరిగాడో లేదో, పైలట్ బండి వచ్చి ఆగింది. చొక్కా నిండా ఆకుల దుమ్ము, చేతుల మీద ముళ్ల గీతలు. లోపలికి వచ్చి చెప్పులతోనే నేల మీద కూలబడ్డాడు.

"పోయింది."

ఆమె బట్ట కత్తిరిస్తోంది. కత్తెర ఆపలేదు.

"తోట మీద ఎగురుతూ ఎగురుతూ చేతిలోంచి లాగేసినట్టు పోయింది సిగ్నలు. ప్రతి చెట్టు కిందా చూశాను. ముళ్ల కంచెలో దూరాను. రైతు కూడా వెతికాడు పాపం. ఎక్కడ పడిందో, ఏ ముక్కకి ఆ ముక్క అయిపోయిందో."

"చెట్ల కింద కాదు, మేడ మీద వెతకాల్సింది."

"ఏంటి?"

"మీ చిన్నది ఇంటికి వచ్చింది. మీ అమ్మగారు టబ్బు కింద పెట్టి కూర్చున్నారు."

అతని మొహం వెలిగింది. తప్పిపోయిన పిల్ల దొరికిందని విన్నవాడి మొహంలా వెలిగింది. గబగబా మెట్లెక్కాడు. ఆమె వెనకే వెళ్లేసరికి టబ్బు ఒక పక్క ఎత్తి, కింద చెయ్యి దూర్చి బ్యాటరీ లాగుతున్నాడు.

"ముద్దులు తర్వాత," అంది అత్త. "మూత వెయ్యి."

అతను నవ్వబోయాడు. తల ఎత్తితే ఎదురుగా స్టేషను గోడ, గోడ మీద కొమ్ములు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

కిందికి వచ్చాడు. మంచం అంచు మీద కూర్చుని బ్యాటరీని అరచేతిలో తిప్పుతూ ఉన్నాడు.

"ఇల్లు మార్చలేదు," అన్నాడు చివరికి.

"ఏ ఇల్లు?"

"దానికి ఇల్లెక్కడో మనం చెప్పి పెట్టాలి. సిగ్నలు పోతే ఆ ఇంటికే వచ్చేస్తుంది. మామూలుగా ఎక్కడ లేస్తే అదే ఇల్లనుకుంటుంది. నేనే మార్చాను. ఒకసారి కాలవ గట్టు మీద నుంచి ఎగరేసి నేను బండి మీద ముందుకెళ్లిపోతే, అది వెనక్కెళ్లి నీళ్లలో దిగింది గుర్తుందా? అప్పుడు ఒట్టు పెట్టుకున్నాను. ఎక్కడ తప్పిపోయినా మన మేడ మీదికే రావాలని."

"పెట్టెలో పెట్టారు. సీలు వేయించారు. గేటు దాటించారు."

"అన్నీ చేశాను. అదొక్కటి మర్చిపోయాను."

గోడ మీది కొమ్ములు ఇవాళే వేశారని, తమ్ముడు చెప్పిన సంగతి ఆమె చెప్పింది. అతను తల పంకించాడు.

"అయితే సిగ్నలు కోసింది అవే. తోటేమంత దూరం. రోడ్డు మీద వస్తే చుట్టు గానీ, కాకికి పక్కనే. రాకుండా పెట్టినవే పిలుచుకొచ్చాయన్న మాట."

"ఆ మాటే వాళ్లకి చెప్పండి. మీరే తీసుకెళ్లి ఇచ్చెయ్యండి. పొరపాటు జరిగిందనండి."

"పరాయి దేశపు మిషను ట్రాన్స్‌ఫార్మర్ల నెత్తి మీద ఎగిరి నా మేడ మీద దిగింది. పొరపాటంటే నమ్ముతారా? లోపలేస్తారు."

"అడిగి చూస్తే కదా తెలిసేది."

"సరే, నన్ను లోపలేస్తారు. వెళ్తాను. మరి మీ తమ్ముడు?"

"వాడేం చేశాడు? వాడి సంతకం ఉంది కదా, బయటికి వెళ్లిందని."

"అదే. బయటికి వెళ్లిందని సంతకం పెట్టింది ఇంట్లో దొరికితే ఏమనుకుంటారు? బావమరిది కాబట్టి ఉత్త పెట్టెకి సీలు వేశాడంటారు. ఉద్యోగం ఊడటంతో పోతే అదృష్టం."

పొద్దుటి నుంచీ ఆమె ఆ సంతకాన్నే నమ్ముకుని ఉంది. అందరినీ కాపాడేది అదేననుకుంది. తమ్ముడిని ముంచేది కూడా అదే.

"విప్పేసి, ముక్కలు చేసి, సంచీలో వేసి పట్టుకెళ్లండి."

"గేటు దగ్గర సంచీలోకి తొంగి చూసే మిషను పెట్టారు. నీ సూది కూడా కనిపిస్తుంది."

"కాల్చేద్దాం."

"ఆ పొగ చూసి వాళ్లే వస్తారు. బ్యాటరీ అంటుకుంటే ఇల్లు కూడా పోతుంది."

"పాతేద్దాం."

"ఎక్కడ? ఈ ఇంట్లో మట్టి ఎక్కడుంది, చూపించు."

నిజమే. కింద రాయి, పైన సిమెంటు. ఆమె గదులన్నీ కళ్లతోనే తిరిగింది. మంచం కింద, బీరువా వెనక, కుట్టు బట్టల గుట్ట, నీళ్ల ట్యాంకు. ఇన్నేళ్లు ఇరుకని సణిగిన ఇల్లు ఇప్పుడు ఇంకా దగ్గరకి జరిగినట్టుంది.

"మీకు మిషను కావాలా, నా తమ్ముడు కావాలా?" అంది.

"అది మిషను కాదు. నా చెయ్యి."

"నా తమ్ముడేంటి మరి? నా చెప్పా?"

ఆమె కత్తెర తీసుకుని, కత్తిరించడానికి ఏమీ లేక మళ్లీ పెట్టేసింది. పక్కింట్లో బల్లలు జరుపుతున్న చప్పుడు. ఎవరో దగ్గారు.

మేడ మీద నుంచి అత్త గొంతు మెట్ల వెంట దిగింది.

"అరుచుకోండి, బాగా అరుచుకోండి. జీపు మన గుమ్మం ముందే ఆగింది."

పైలట్ బ్యాటరీని బియ్యం డబ్బా అడుగుకి దూర్చాడు.

*

జీపులోంచి దిగిన స్టేషను పెద్ద సారు మర్యాదస్తుడు. గడప బయటే బూట్లు దులుపుకున్నాడు. ఇబ్బంది పెడుతున్నామమ్మా, రెండు నిమిషాలు అన్నాడు. కసురుకునే మనిషైతే ఆమెకు ఇంత భయం వేసేది కాదు.

తమ్ముడు ముందు నడిచాడు. ఇది వంటగది, ఇది పడకగది అని కొత్త ఇంట్లోకి వచ్చినవాడిలా చెప్పాడు. వెనక ఇంకో గార్డు మంచం ఎత్తి చూశాడు, బట్టల గుట్టలో చెయ్యి పెట్టి చూశాడు.

"మీరేనా పైలట్?"

"వీధిలో అలా అంటారు, సార్."

"మీ మిషను?"

"గేటు దాటించేశాను సార్. మీ దగ్గర రాసి ఉంటుంది."

పెద్ద సారు తమ్ముడి వైపు తిరిగాడు.

"ఎవరు పంపారు?"

"నేనే, సార్." గోడకేసి చూస్తూ చెప్పాడు. "సీలు నేనే వేశాను."

"ఇప్పుడెక్కడుంది అది?"

పైలట్ అందుకున్నాడు. "తోటలో ఉండాలి, సార్."

"మంచిది. సాయంత్రం మా వాళ్లు తోటకెళ్లి చూసి వస్తారు. మీరూ రండి."

ఆ సాయంత్రం అన్న మాటకి పైలట్ భుజాలు కుంగడం ఆమె చూసింది. తమ్ముడు కూడా చూశాడు. అక్కాతమ్ముళ్ల చూపులు కలవబోయి, రెండూ పక్కకి తప్పుకున్నాయి.

మేడ మీద అత్త ఈనెలు తీసిన కాయలకే మళ్లీ ఈనెలు వెతుకుతోంది.

"లేవలేను నాయనా. మోకాళ్లు."

"ఎండలో ఎందుకు కూర్చోబెట్టారమ్మా పెద్దావిడని?" పెద్ద సారు కోడలి వంక మందలింపుగా చూసి, తనే వంగి ముసలావిడ మోచెయ్యి పట్టుకున్నాడు. "మెల్లగా లేవండి. మా అమ్మకీ ఇంతే."

లేవక తప్పలేదు. లేస్తూ అత్త కోడలి మొహంలోకి చూసింది.

టబ్బు ఒక్కటే మిగిలింది. దాని అంచు దగ్గర దుప్పటి కొస, నాలుక బయటపెట్టినట్టు, కొంచెం బయటికి వచ్చి ఉంది.

తమ్ముడు నాలుగడుగులు వేసి దాని మీద కూర్చున్నాడు. బూటు ఆ కొస మీద ఆనించి, వంగి లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు. లేసు ఊడలేదు. ఆ సంగతి ఆమె ఒక్కతే చూసింది.

"ఈ తెల్ల గుండ్రం ఏంటి?" అన్నాడు పెద్ద సారు.

"మా వాడు గీశాడు, వాడి మిషను దిగడానికి," అంది అత్త. "మిషన్ని మీరు వెళ్లగొట్టారు. సున్నం మిగిలింది. అది కూడా గోకేయమంటారా?"

పెద్ద సారు నవ్వాడు. ఆ నవ్వుతో ఆమెకు కాస్త ఊపిరి ఆడింది. అయిపోయింది, దిగిపోతారు అనుకుంది.

అతను దిగలేదు. పిట్టగోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అక్కడి నుంచి స్టేషను గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా కనిపిస్తుంది. యార్డు, కొమ్ములు, వీధిలోని మేడలన్నీ కనిపిస్తాయి. అతను అటూ ఇటూ చూసి, తనలో తను తల ఊపుకున్నాడు.

"వీధిలో ఇంతకంటే మంచి చోటు లేదు. ఇవాళ్టి నుంచి పగలూ రాత్రీ మనిషి ఇక్కడే ఉండాలి. నువ్వు మొదలుపెట్టు," అన్నాడు తమ్ముడితో. "చీకటి పడే వేళకి బదులు మనిషి వస్తాడు." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "మీకేం ఇబ్బంది ఉండదమ్మా. మెట్లు వాడుకుంటాం, అంతే. ఈ తీగలు, బట్టలు, ఈ టబ్బు, పైన ఏమీ ఉండకూడదు. మా వాళ్లకి చుట్టూ తేటగా కనిపించాలి."

"నేను తర్వాత దించుకుంటాను, సార్."

"ఆడవాళ్లు ఏం మోస్తారు. మా వాడు దించుతాడు." రెండో గార్డుకి చెప్పాడు. "జీపులో కుర్చీ ఉంది, తెచ్చి వెయ్యి. టబ్బు మీద కూర్చుని కాపలా కాస్తే చూడటానికి బాగుండదు."

పెద్ద సారు అత్తను చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా కిందికి దించాడు. వెనకే రెండో గార్డు వెళ్లాడు.

మేడ మీద ఇద్దరే మిగిలారు.

"నీళ్లు తేనా?" అంది ఆమె.

"వద్దు."

"తమ్ముడూ."

"మాట్లాడకక్కా." వేలి కణుపుతో టబ్బును మెల్లగా తట్టాడు. ఉత్త టబ్బైతే ఖంగుమనేది. ఇది మొద్దుగా పలికింది. వాడు చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇంతసేపూ వేరే ఇంట్లో దొరకాలని కోరుకున్నాను. ఆ ఇంటివాళ్ల గురించి ఆలోచించలేదు చూడు."

కింద పైలట్ దగ్గు వినిపించింది. తర్వాత కుర్చీ కాళ్లు మెట్లకు తగులుతున్న చప్పుడు మొదలైంది. ఒక మెట్టు, ఆగడం, ఇంకో మెట్టు.

రెండో గార్డు కుర్చీ తెచ్చి తెల్ల గుండ్రం పక్కనే వేశాడు. చెమట తుడుచుకున్నాడు.

"లే అన్నా. ఆ టబ్బు ఇటివ్వు, దించేస్తాను."

తమ్ముడు లేవలేదు. అక్క వంక చూశాడు. పొద్దుటి నుంచీ మొదటిసారి నేరుగా చూశాడు. ఆ చూపు ఆమెకు కొత్తది కాదు. చిన్నప్పుడు ఇంట్లో ఏది పగిలినా ఎవరు అడిగినా, వాడు నోరు తెరవకుండా ఇలాగే ఆమె వంక చూసేవాడు. ఆమె చెప్పేదాకా చూస్తూనే ఉండేవాడు.

"నువ్వుండు బాబూ," అంది ఆమె రెండో గార్డుతో. "టబ్బు నాది. నేనే ఎత్తుతాను."

కొంగు నడుముకి బిగించింది. వంగి రెండు చేతులతో టబ్బు అంచు పట్టుకుంది.

"లేరా తమ్ముడూ."

వాడు లేవలేదు. వాడి రెండు చేతులూ వచ్చి, టబ్బు అంచు మీద ఆమె చేతులను అదిమి పట్టుకున్నాయి.